ఆదివారం పూట కూలి లెక్కలు

ఇంట్లోనే ఉంటావు కదా, రోజంతా ఏం చేస్తావని అడిగేవాళ్ళు ఊళ్ళోనూ ఉన్నారు, ఇక్కడ డాలస్‌లోనూ ఉన్నారు. వంటా, పిల్లల చదువులూ, బట్టలూ అని చెబితే ఎవరి కంటికీ ఆనవు. అందుకే ఈమధ్య ఇంకో ముక్క కలుపుతున్నాను. "వారానికోసారి అమెరికా ప్రభుత్వానికి కూలి లెక్క అప్పజెబుతాను" అంటాను. వేళాకోళం అనుకుంటారు గానీ నిజమే. ఆ లెక్క పేరు సర్టిఫైడ్ పేరోల్.

మావారిది చిన్న కంపెనీ. గోడలకి షీట్ రాక్ బిగించడం, అతుకులకి టేపు వేసి నునుపు చెయ్యడం, రంగులు వెయ్యడం, ఇదీ పని. ఐటీ ఉద్యోగం పోయినప్పుడు స్నేహితుడితో కలిసి మొదలుపెట్టారు. పనివాళ్ళు తొమ్మిది మంది. మొదట్లో అన్నీ ఇళ్ళు, షాపులే. వాటికి జీతాల లెక్క పెద్ద కష్టం కాదు. గంటలు కంప్యూటర్లో కొడితే పేరోల్ కంపెనీ వాళ్ళే పన్నులు పట్టుకుని మిగతాది బ్యాంకులో వేసేస్తారు.

మూడేళ్ళ కిందట మాజీ సైనికుల ఆసుపత్రి ఒకదానిలో ఒక అంతస్తు పని వచ్చింది. పెద్ద కాంట్రాక్టరు వేరే, మేము వాళ్ళ కింద సబ్ కాంట్రాక్టర్లం. ప్రభుత్వ పని, డబ్బుకి ఢోకా లేదని సంబరపడ్డాం. కాగితాల కట్ట చూశాక సంబరం సగానికి దిగింది. "ఈ వారం వారం రిపోర్టులు మామూలు ఫీజులో రావండీ, దానికి వేరే అవుతుంది" అన్నాడు ఎకౌంటెంట్. ఆ వేరే ఎంతో విన్నాక మావారు నా వైపు చూశారు. అలా ఆ కట్ట మా డైనింగ్ టేబుల్ మీదికి వచ్చింది.

మోటెల్ కానివ్వండి, గ్యాస్ స్టేషన్ కానివ్వండి, కేటరింగ్ కానివ్వండి, మనవాళ్ళ చిన్న వ్యాపారాల్లో చాలావాటి చిట్టా ఇంటావిడ చేతిలోనే ఉంటుంది. రేపు మీలో ఎవరింటికైనా ఇలాంటి కట్ట రావచ్చు. అందుకే నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

ఇది ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం విసుగు పోతుంది. నాకైతే పోయింది. 1927లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో, విచిత్రంగా అదీ మాజీ సైనికుల ఆసుపత్రే, కట్టే పని ఒక అలబామా కాంట్రాక్టరుకి దక్కింది. అతను తన రాష్ట్రం నుంచి కూలీలని తెచ్చుకుని చవకగా పని చేయించాడు. ఆ ప్రాంతం తరఫున చట్టసభలో ఉన్న రాబర్ట్ బేకన్ ఊరుకోలేదు. పెన్సిల్వేనియా సెనేటర్ జేమ్స్ డేవిస్‌తో కలిసి 1931లో డేవిస్-బేకన్ చట్టం తెచ్చాడు. ప్రభుత్వం డబ్బుతో కట్టే పనిలో, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న కూలి కన్నా తక్కువ ఇవ్వకూడదు. ఇదీ దాని సారాంశం. అలా వచ్చిన కూలీలు నల్లజాతివాళ్ళు కావడంతో, ఈ చట్టం వెనక వివక్ష కూడా ఉందనే విమర్శ ఈనాటికీ ఉంది. కానీ ఇవాళ మా సైటులో దాని అండ ఎక్కువగా అందుతున్నది బయటినుంచి వచ్చిన మెక్సికో, గ్వాటెమాలా వాళ్ళకే.

కూలి రేటు కాగితం మీద పెట్టగానే సరిపోలేదు. చెక్కు చేతిలో పెట్టి, బయటికొచ్చాక అందులో కొంత వెనక్కి లాక్కునే మేస్త్రీలు తయారయ్యారు. దానికి అడ్డుకట్టగా 1934లో కోప్‌లాండ్ చట్టం వచ్చింది. ఎవరికెంత ఇచ్చారో వారం వారం రాసివ్వమన్నది అదే. అంటే నేను ఆదివారం పూట నింపే ఈ ఫారం వెనక, ఎప్పుడో ఎవరి జేబులోంచో లాక్కున్న కూలి డబ్బు ఉందన్నమాట.

ఇక అసలు పని. కాంట్రాక్టుతో పాటు వేజ్ డిటర్మినేషన్ అని ఒక పట్టిక ఇస్తారు. ఆ జిల్లాలో పెయింటరుకి ఇంత, షీట్ రాక్ బిగించేవాడికి ఇంత, మామూలు లేబరుకి ఇంత అని ఉంటుంది. ప్రతి పనికీ రెండు అంకెలు. ఒకటి మూల కూలి, రెండోది ఫ్రింజ్, అంటే ఆరోగ్య బీమా, పెన్షన్ లాంటి వాటికి గంటకి ఇంత అని. ఆ ఫ్రింజ్ ఏదైనా ప్లాన్‌లో కట్టవచ్చు, లేదా కూలితో కలిపి చేతికే ఇచ్చెయ్యవచ్చు.

తేలిగ్గా తెలియడానికి గుండ్రని అంకెలు చెబుతాను. పెయింటరుకి మూల కూలి 24 డాలర్లు, ఫ్రింజ్ 8 అనుకోండి. మొత్తం 32 అతనికి చేరాలి. ప్లాన్ ఏమీ లేకుండా 28 ఇస్తే, మార్కెట్లో అది మంచి జీతమే కావచ్చు, కానీ ఇక్కడ గంటకి 4 డాలర్లు బాకీ. వారానికి 40 గంటలు దాటితే ఆ పైగంటలకి ఒకటిన్నర రెట్లు. అది మూల కూలి మీదే. 24కి ఒకటిన్నర రెట్లు 36, దానికి ఫ్రింజ్ 8 కలిపితే 44. మొత్తం 32కి ఒకటిన్నర రెట్లు కట్టి 48 అనుకునేవాళ్ళు చాలామంది.

ఫారం పేరు డబ్ల్యూ హెచ్ 347. కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో ఊరికే దొరుకుతుంది. ఒక్కో మనిషికి ఒక్కో వరస. పేరు, గుర్తింపు నంబరు, ఏ పని చేశాడు, ఏ రోజు ఎన్ని గంటలు, రేటు, మొత్తం, కోతలు, చేతికొచ్చింది. పూర్తి సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ, ఇంటి అడ్రసు గానీ అందులో రాయకూడదు. చివరి నాలుగు అంకెలు చాలు. ఆ తర్వాత ఒక ప్రమాణ పత్రం. "ఇందులో రాసిందంతా నిజం, ఎవరి కూలీ నేరుగా గానీ దొంగచాటుగా గానీ వెనక్కి తీసుకోలేదు" అనే అర్థంతో ఉంటుంది. దాని కింద సంతకం. తెలిసి అబద్ధం రాస్తే జైలు దాకా పోవచ్చు. కంపెనీని మూడేళ్ళ పాటు ప్రభుత్వ పనులకి దూరంగా పెట్టవచ్చు. సర్టిఫైడ్ అంటే స్టాంపు కాదు, ఆ సంతకమే.

ఆ సంతకం బరువెంతో నాకు తెలిసింది రెండో నెలలో. మా దగ్గర ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒకడు లేబరుగా చేరాడు. చెత్త ఎత్తడం, ప్లాస్టిక్ పరవడం, డబ్బాలు మొయ్యడం వాడి పని. ఒక వారం ఇద్దరు పెయింటర్లు జ్వరంతో రాలేదు. సైటులో మా పెద్ద పెయింటరు వాడి చేతికి రోలర్ ఇచ్చాడు. బుధ, గురు, శుక్రవారాలు వాడు గోడలే వేశాడు. బాగానే వేశాడు కూడా.

ఆదివారం నేను ఫారం నింపుతూ ఆ మూడు రోజులూ పెయింటర్ అని రాశాను. మావారు చూసి, "అదేంటే, వాడు హెల్పరేగా. రోలర్ పట్టుకుంటే పెయింటర్ అయిపోతాడా?" అన్నారు.

"వాడు ఎవరని అడగట్లేదండీ ఇక్కడ. ఏం చేశాడని అడుగుతున్నారు" అన్నాను.

నియమం అదే. మనం పెట్టిన పేరుతో సంబంధం లేదు. చేతిలో ఉన్న పనిముట్టు, చేసిన పనీ లెక్క. హెల్పరని తక్కువ రేటు రాయాలంటే ఆ పట్టికలో హెల్పర్ అని ఉండాలి, మా పట్టికలో లేదు. నేర్చుకుంటున్నాడని తక్కువ ఇవ్వాలంటే గుర్తింపు పొందిన అప్రెంటిస్ కార్యక్రమంలో పేరు ఉండాలి, అదీ లేదు. లేబరుకి అన్నీ కలిపి 18, పెయింటరుకి 32 అనుకుంటే గంటకి 14 తేడా. 24 గంటలకి 336 డాలర్లు. మాలాంటి చిన్న కంపెనీకి ఆ వారం మిగిలేదే అంతంత మాత్రం.

మావారు చెడ్డవారు కాదు. ఆయన కంగారు నాకు తెలుసు. పెద్ద కాంట్రాక్టరుతో రేటు పిండి పిండి ఒప్పుకున్న పని అది. కానీ ఆ పూట నా మనసులో ఉన్నది ఆ 336 ఒక్కటే కాదు.

మా నాన్న తెనాలి దగ్గర పల్లెలో తాపీమేస్త్రీ. శనివారం సాయంత్రం బట్వాడా. పద్దు పుస్తకం అమ్మ రాసేది. అడ్డంగా పేర్లు, నిలువుగా రోజులు. వచ్చిన రోజుకి గీత, సగం పూటకి సగం గీత. పైన మగకూలి, కింద ఆడకూలి. ఆ కింద పేర్లలో ఒకావిడ ఉండేది. తాపీ పనివాడు రాని రోజు గచ్చు నున్నగా తేల్చేది ఆవిడే. పూత మీద చెయ్యి పెడితే జారిపోయేదని నాన్నే మెచ్చుకునేవారు. శనివారం వచ్చేసరికి ఆవిడకి ఆడకూలే. ఒకసారి అమ్మ అడిగింది, "మరి ఆవిడ చేసింది తాపీ పనేగా?" అని. "ఊరంతా అదే రేటు, నేనొక్కణ్ణే మారిస్తే నన్ను తంతారు" అన్నారు నాన్న. మన దేశంలో సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. అమ్మ పద్దు పుస్తకం దాకా మాత్రం రాలేదు.

అది చెప్పాను మావారికి. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే, తేడా వేసెయ్యి. రేపటినుంచి రోలర్ ఇచ్చే ముందు నాకు ఫోన్ చెయ్యమను" అని సంతకం పెట్టారు. ఇందులో ఇంకో విషయం కూడా ఉంది. మా టేపింగ్ జట్టులో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఫారంలో ఆడ, మగ అనే గడి లేదు. టేపింగ్ చేస్తే టేపింగ్ రేటే. ఆ గడి లేకపోవడం చూసినప్పుడల్లా నాకు తృప్తిగా ఉంటుంది.

ఇక ఈ పనిని తేలిక చేసుకోవడం ఎలాగో చెబుతాను. సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి, నెలనెలా డబ్బు కట్టాలి. ఉపయోగమే. కానీ సైటు నుంచి సరైన లెక్క రాకపోతే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చెయ్యలేదు. కష్టమంతా ఫారంలో లేదు, ఆదివారం కూర్చుని "మంగళవారం ఎవరేం చేశారబ్బా" అని గుర్తు చేసుకోవడంలో ఉంది.

అందుకని ఏ రోజు లెక్క ఆ రోజే. చిన్న చీటీలు ప్రింట్ చేయించాను, స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ. పేరు, ఏ సైటు, ఏ పని, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. మధ్యాహ్నం పని మారితే రెండో వరస. సాయంత్రం పెద్ద పెయింటరు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. నేను పోపు వేస్తూనో, పిల్లలకి అన్నం పెడుతూనో చూసుకుంటాను. అనుమానం ఉంటే ఆ రాత్రే అడుగుతాను. మర్నాటికి జ్ఞాపకం పలచబడిపోతుంది.

రెండోది, పట్టికలో మాకు అవసరమైన నాలుగు పనులూ వాటి రేట్లూ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. అసలు పట్టిక సైటులో అందరికీ కనబడేలా పెట్టడం ఎలాగూ తప్పనిసరి. ఆ నాలుగు పేర్లు తప్ప ఇంకో పేరు చీటీలో కనిపిస్తే ఆగి ఆలోచించాలన్నమాట.

మూడోది ఫ్రింజ్. పెద్ద కంపెనీలు ప్లాన్లలో కడతాయి, అందులో వాళ్ళకి పన్ను కలిసొస్తుంది. మేము చేతికే ఇచ్చేస్తున్నాం. దాని మీద పేరోల్ పన్ను అదనంగా పడుతుంది, నిజమే. కానీ ప్లాన్ ఖర్చుని గంటల మీదికి విడగొట్టే లెక్క తప్పింది. మాలాంటి కంపెనీకి ఆ తేలికే విలువైంది.

నాలుగోది, ప్రైవేటు పని గంటలు కలవకూడదు. మా వాళ్ళు నాలుగు రోజులు ఆసుపత్రిలో, ఒక రోజు ఎవరి ఇంట్లోనో చేస్తారు. రెండు సైటులకీ వేరే రంగు చీటీలు పెట్టాను, పసుపుది ఆసుపత్రి, తెల్లది ఇళ్ళు. ఈ చిన్న ఉపాయం ఎంత తలనొప్పి తగ్గించిందో చెప్పలేను.

అయిదోది కోతలు. పన్నులు సరే. పనివాళ్ళు మధ్యలో అడ్వాన్సు అడుగుతారు, పిల్లకి ఒంట్లో బాగాలేదనో, ఊరికి డబ్బు పంపాలనో. వడ్డీ గానీ, విరుపు గానీ లేకుండా ఇచ్చిన అడ్వాన్సు జీతంలోంచి పట్టుకోవచ్చు. అది ఏమిటో ఫారంలో వివరంగా రాయాలి. ఇచ్చిన రోజే చీటీ మీద అతని సంతకం తీసుకుని ఫైల్లో పెడతాను.

ఇవన్నీ అయితే ఆదివారం పొద్దున్న గంట, గంటన్నర పని. శుక్రవారం జీతాలు ఇస్తాం, ఆ రోజు నుంచి ఏడు రోజుల్లోగా రిపోర్టు వెళ్ళాలి. పేరోళ్ళకి వరస నంబర్లు వేస్తాను. పోయిన వారం ఫారాన్ని కాపీ చేసి తారీఖు మార్చే అలవాటు మాత్రం పెట్టుకోకండి. తప్పులన్నీ అక్కడినుంచే దూరుతాయి. పని పూర్తయ్యాక కూడా కాగితాలు మూడేళ్ళు దాచాలి. మా ఇంట్లో పచ్చడి జాడీల పక్క అర దానికే.

ఇంత పద్ధతిగా చేసినా దెబ్బ తగలదని కాదు. ఒకసారి మాకు రావలసిన బిల్లు అయిదు వారాలు ఆగింది. కారణం, మేము ఆ సైటుకి వెళ్ళని వారానికి కూడా "ఈ వారం పని లేదు" అని కాగితం కావాలట. ఆ మాట ముందు ఎవరూ చెప్పలేదు, కాంట్రాక్టులోనూ లేదు. అడిగిన రోజే పంపాం. అయినా కాగితం ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి జరిగేసరికి నెల దాటింది. మా బిల్లు ఆగినా పనివాళ్ళకి శుక్రవారం జీతం ఆగకూడదు, చట్టం వారం వారం ఇవ్వమంటుంది. ఆ అయిదు వారాలూ మా పెద్దదాని కాలేజీ కోసం దాచిన డబ్బు తీశాం. అప్పటినుంచి పని లేని వారానికీ నంబరు వేసి పంపుతున్నాను.

ఇలాంటప్పుడే "ఈ రిపోర్టులు తీసెయ్యాలి, చిన్నవాళ్ళ ప్రాణం తీస్తున్నాయి" అనేవాళ్ళ మాట తియ్యగా వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. ఒకే లెక్కని ఒక ఆఫీసుకి ఫారంలో, ఇంకో ఆఫీసుకి వాళ్ళ ఆన్‌లైన్ పోర్టల్‌లో, రాష్ట్రం పని అయితే మరో పద్ధతిలో ఎక్కించాల్సి వస్తుంది. ఒక్కసారి రాస్తే అందరికీ చేరేలా చేస్తే చాలు, సగం భారం తగ్గుతుంది. కానీ ఎవరు, ఏ పని, ఎన్ని గంటలు, ఎంత అనే ఆ ఒక్క వరస మాత్రం ఉండాల్సిందే. తేలిక చెయ్యడమంటే పెన్ను పట్టుకునేవాళ్ళకి తేలిక కావడం. గోడకి రంగు వేసేవాడి వరస చెరిపెయ్యడం కాదు.

ఎందుకంటే ఒకరోజు ప్రభుత్వం తరఫున ఒకావిడ సైటుకి వచ్చి పనివాళ్ళని ఒక్కొక్కరినే పక్కకి పిలిచి మాట్లాడింది. ఏం పని చేస్తావు, గంటకి ఎంత, పైగంటలకి ఇస్తున్నారా, ఎవరైనా డబ్బు వెనక్కి అడిగారా. వాళ్ళు చెప్పింది మేము పంపిన పేరోళ్ళతో సరిపోల్చి చూస్తారు. ఆ సాయంత్రం మావారు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే చెప్పారు, రోలర్ పట్టిన కుర్రాణ్ణి కూడా అడిగిందని.

"ఏమన్నాడు?" అన్నాను.

"మూడు రోజులు పెయింట్ వేశాను, ఆ మూడు రోజులకీ పెయింటర్ జీతం ఇచ్చారు అన్నాడట. చెక్కు తోక కూడా జేబులోంచి తీసి చూపించాడట" అన్నారు.

వాడు ఆ కాగితం జేబులో పెట్టుకు తిరుగుతున్నాడన్న సంగతి అప్పటిదాకా మాకు తెలియదు.

ఈ ఏడాది ఇంకో ప్రభుత్వ పని మొదలైంది, ఒక ఆఫీసు భవనం. మళ్ళీ ఒకటో నంబరు నుంచి లెక్క. పసుపు చీటీలు అయిపోయాయి, ఈసారి ఆకుపచ్చవి తెప్పించాను. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పనిలోకి దిగుతుంటే ముందు చీటీల సంగతి చూసుకోండి, ఫారం సంగతి తర్వాత.